నొప్పి లేదు కదా అని: చిగురు మీద గడ్డల గురించి

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాలులో ఒక దంతవైద్యురాలు చేసిన ప్రసంగం, చివర అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. నాలుక కొనను పై ముందు పళ్ల వెనక్కి పెట్టండి. నడిమి పళ్లు రెండూ కలిసేచోట, అంగిలి మొదట్లో, కందిగింజంత మెత్తటి బుడిపె తగులుతుంది. తగిలిందా? అది రోగం కాదు. మీకూ ఉంది, నాకూ ఉంది, మీ మనవడికీ ఉంది. అంగిలి ముందు భాగానికి నరాలు వచ్చే ఎముక రంధ్రం మీద అదొక మూత లాంటిది. పొగలు కక్కే చాయ్ గుటకేసినప్పుడు కమిలి ఉబ్బుతుంది. అప్పుడు నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది, "నిన్నటిదాకా ఇది లేదే" అనిపిస్తుంది. నిన్నా ఉంది. నాలుక పట్టించుకోలేదు, అంతే.

ఇలా భయపెట్టేవి ఇంకో రెండున్నాయి. చెంప లోపలి వైపు, పైన రెండో దవడపన్నుకు ఎదురుగా చిన్న బుడిపె ఉంటుంది. ఉమ్మి గొట్టం నోట్లోకి తెరుచుకునే చోటు అది. ఇక కొందరికి కింది దవడకు నాలుక వైపు, కోరపన్ను వెనకాల, రాయిలా గట్టి బుడిపెలు ఉంటాయి. మరికొందరికి అంగిలి నడిమధ్య గుట్టలా ఉంటుంది. అది గడ్డ కాదు, ఎముకే. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఏ హానీ చెయ్యదు. కట్టుడు పళ్లకు అడ్డమొస్తే తప్ప మేం దాని జోలికి వెళ్లం.

కాబట్టి అద్దంలో ఏదన్నా కనబడగానే రెండో వైపు కూడా చూడండి. అచ్చం అలాంటిదే అటూ ఉంటే చాలావరకు అది పుట్టుక తీరు. ఒక్క వైపే ఉండి, కొత్తగా వచ్చిందంటే కారణం వెతకాలి. ఈ లెక్కకు లొంగనివి రెండున్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఒక మాట గురించి. "గడ్డ ఉంది గానీ నొప్పి లేదు కదా డాక్టరుగారూ" అంటారు చూడండి, ఆ మాట. నొప్పి పుడితే మనిషి పరుగెత్తుకుని వస్తాడు. నొప్పి లేకపోతే పండగ వెళ్లనీ, పిల్ల పరీక్షలు కానీ అంటాడు. నోటి విషయంలో ఈ కొలత తలకిందులు. చిగురు మీద బాగా నొప్పెట్టే గడ్డ చాలాసార్లు రెండు రోజుల చీము, దాన్ని తీసేస్తే తేలికపడుతుంది. నొప్పి లేని గడ్డల్లోనే రకరకాలు దాక్కుని ఉంటాయి.

అందరికీ తెలిసిన చీముపొక్కుతో మొదలుపెడతాను. పిప్పి పన్నో, ఎప్పుడో చిన్నప్పుడు దెబ్బ తగిలిన ముందు పన్నో ఉంటుంది. లోపలి నరం చచ్చిపోతుంది. నరం చచ్చాక చల్లటి నీళ్లకు జివ్వుమనడం ఆగిపోతుంది, మనిషి దానంతటదే తగ్గింది అనుకుంటాడు. లోపల కుళ్లిన పదార్థం వేరు కొన దగ్గర ఎముకలోకి దిగి చీము పడుతుంది. ఆ చీముకు బయటికి దారి కావాలి. ఎక్కడ ఎముక పల్చగా ఉంటే అక్కడ తొలుచుకుంటుంది. ఎక్కువగా అది పెదవి, చెంప వైపు. అందుకే పొక్కు చిగురు బయటి వైపు, పన్ను అంచుకు దూరంగా, వేరు కొనకు దగ్గర్లో లేస్తుంది. కొన్ని పై పళ్ల వేళ్లు అంగిలి వైపు వంగి ఉంటాయి, వాటి చీము అంగిలి మీద ఉబ్బుతుంది.

పొక్కు మినప్పప్పు గింజంత ఉంటుంది. కొన తెల్లగా గానీ పసుపుగా గానీ ఉంటుంది. నాలుగైదు రోజులకు చిట్లి, నోట్లో ఉప్పగా, కంపుగా ఏదో కారుతుంది. మానిపోతుంది. మూడు వారాల తర్వాత మళ్లీ అదే చోట. నొప్పి ఎందుకు లేదంటారా? కుక్కర్‌కు విజిల్ ఉన్నట్టు, ఒత్తిడి ఎప్పటికప్పుడు బయటికి పోతోంది కాబట్టి. పొయ్యి మాత్రం కింద మండుతూనే ఉంది. ఏదో ఒక రోజు ఆ దారి మూసుకుపోతే రాత్రికి రాత్రి మొహం వాస్తుంది.

ఇక్కడే మెడికల్ షాపు కథ. మూడు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంటారు, పొక్కు అణుగుతుంది, వ్యవహారం అయిపోయిందనుకుంటారు. మందు రక్తంలో ప్రయాణిస్తుంది. చచ్చిన నరానికి రక్తం సరఫరాయే లేదు. మందు గుమ్మం దాకా వెళ్తుంది, ఇంట్లోకి వెళ్లలేదు. చుట్టూ ఎముకలో ఉన్నదాన్ని కాస్త అణుస్తుంది, అంతే. అందుకే దీనికి దారులు రెండే: పన్ను లోపల శుభ్రం చేసే రూట్ కెనాల్, లేదా పన్ను తీసెయ్యడం.

మేం చేసే చిన్న పరీక్ష ఒకటి చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది విచిత్రంగా చూస్తారు. రూట్ కెనాల్‌లో నింపే గట్టాపెర్చా అనే రబ్బరు లాంటి సన్నటి పుల్ల ఉంటుంది. దాన్ని పొక్కు రంధ్రంలోంచి మెల్లగా లోపలికి జారనిచ్చి ఎక్స్‌రే తీస్తాం. సినిమాలో పోలీసు కుక్క లాగా అది నేరుగా దోషి దగ్గరికి వెళ్లి ఆగుతుంది. చాలాసార్లు పొక్కు ఒక పన్ను మీద, తప్పు పక్క పన్నుది. ఈ పుల్ల పెట్టకపోతే మంచి పన్నుకు రూట్ కెనాల్ జరిగిపోయే ప్రమాదం ఉంది. దానితో పాటు చల్లటి స్ప్రే తాకించి ఏ పన్ను బతికి ఉందో, ఏది లేదో చూస్తాం.

రూట్ కెనాల్ సరిగా జరిగితే ఆ రంధ్రం ఒకటి రెండు వారాల్లో మూసుకుపోతుంది. లోపల ఎముక నిండటానికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. రంధ్రం మళ్లీ తెరుచుకుంటే రెండు అనుమానాలు. పై మొదటి దవడపన్ను వేళ్లలో నరం ఉండే సన్నటి దారులు మూడు కాకుండా నాలుగోది చాలామందికి ఉంటుంది, అది దొరక్కుండా మిగిలి ఉండొచ్చు. లేదా వేరు నిలువునా చీలి ఉండొచ్చు. చీలితే మాత్రం ఆ పన్ను దక్కదు, దాని మీద ఇంకా ఖర్చు పెట్టొద్దు.

ఇంకొక ముక్క. కింది పళ్ల చీము ఒక్కోసారి నోట్లోకి కాకుండా దవడ చర్మం మీదికి, చుబుకం కిందికి తెరుచుకుంటుంది. నెలల తరబడి క్రీములు రాసినా మానని పుండు అక్కడ ఉంటే, పళ్ల ఎక్స్‌రే ఒకటి తీయించండి. దవడ మీద బయట నుంచి కాపడం పెట్టొద్దని మేం చెప్పేది కూడా ఇందుకే. వేడి పెడితే చీము చర్మం వైపు దారి వెతుక్కోవచ్చు.

ఇక పన్ను బతికే ఉండి, చిగురు అంచు దగ్గరే వాపు వస్తే అది వేరే జాతి. పన్నుకూ చిగురుకూ మధ్య సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్లు. గీతలున్న సన్నటి పుల్లతో కొలుస్తాం. నాలుగు దాటితే దాన్ని జేబు అంటాం. జేబులో గార పేరుకుంటుంది, మూతి బిగుసుకుంటుంది, లోపల చీము పడుతుంది. పన్ను కదులుతుంది, కొరికితే పొడుగ్గా తగిలినట్టు ఉంటుంది. ఇలాంటి వాపులు ఒకటి తగ్గితే ఇంకొకటి, వేరే వేరే పళ్ల దగ్గర లేస్తుంటే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష చేయించండి. షుగరు ఉందని మొదటిసారి నోరే చెప్పిన వాళ్లు తక్కువేం కాదు. షుగరు అదుపులో లేకుండా చిగురు మానదు, చిగురులో చీముంటే షుగరు అదుపులోకి రావడం కష్టం. రెండూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి వేలాడతాయి.

పాప్‌కార్న్ పొట్టు, జామగింజ, చేపముల్లు దిగినా ఇలాగే ఉబ్బుతుంది. ఫ్లాస్‌తో నిదానంగా తీసేస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. గుండుసూది మాత్రం వాడకండి.

పదిహేడు నుంచి పాతికేళ్ల పిల్లలకు కింద చివర చిగురు ఉబ్బి నోరు తెరవలేకపోతే, సగం పైకొచ్చిన జ్ఞానదంతం మీద ఉండే చిగురు తొడుగు కింద అన్నం మెతుకులు ఇరుక్కుని కుళ్లడమే ఎక్కువ. పరీక్షల కాలంలో ఎక్కువ చూస్తాం, బ్రష్ చేసే ఓపిక లేక కాబోలు.

ఇప్పుడు ఎర్రటి కండ. రెండు పళ్ల మధ్య చిగురులోంచి దానిమ్మగింజలా ఎర్రగా పొడుచుకొస్తుంది. నొప్పి ఉండదు, బ్రష్ తగిలితే చాలు బొటబొటా రక్తం. కడుపుతో ఉన్నవాళ్లకు నాలుగో నెల తర్వాత ఎక్కువ. హార్మోన్ల వల్ల చిగురు చిన్న చికాకుకు పెద్దగా స్పందిస్తుంది, ఆ చికాకు మామూలుగా పక్కనే ఉన్న గార. గర్భిణికి పళ్ల క్లీనింగ్ చేయకూడదనేది అపోహ. చేయొచ్చు, నాలుగు నుంచి ఆరో నెల మధ్య కూర్చోవడానికి కూడా హాయి. గడ్డ మరీ ఇబ్బంది పెట్టకపోతే కాన్పయ్యేదాకా ఆగుతాం, చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది. మిగిలితే తీస్తాం.

కడుపుతో లేనివాళ్లకూ, మగవాళ్లకూ ఇది వస్తుంది. అచ్చం ఇలాగే కనిపించేవి ఇంకో రెండు మూడున్నాయి. ఒకటి లేత గులాబీ రంగులో గట్టిగా ఉండి లోపల ఎముక పలుకులు కడుతుంది. ఒకటి నేరేడుపండు రంగులో ఉంటుంది. చూపుతో వీటిని విడదీస్తాననే డాక్టరును నేను నమ్మను. తీసి, ముక్కను పరీక్షకు పంపాల్సిందే. తీసేటప్పుడు ఎముక పొర దాకా తియ్యాలి, పక్క పన్ను గార గీకాలి. పైపైన కోసి వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ మొలుస్తుంది.

ముక్క పరీక్ష, అంటే బయాప్సీ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "కత్తి తగిలితే పాకుతుంది" అంటారు. ఆ మాట వల్ల పోయిన ప్రాణాలున్నాయి. కత్తి వల్ల పాకదు, ఆగడం వల్ల పాకుతుంది. మత్తు సూది వేసి, చిన్నదైతే మొత్తం, పెద్దదైతే అంచు నుంచి గింజంత ముక్క తీసి, ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో వేస్తాం. సీసా మీద మీ పేరు, తేదీ, ఏ చోటు నుంచి తీశారో రాసి ఉండాలి. రిపోర్టు సుమారు వారం. ఒక హక్కు గుర్తుంచుకోండి: మీ నోట్లోంచి గడ్డ తీసి చెత్తబుట్టలో వేస్తే ఒప్పుకోవద్దు. "పరీక్షకు పంపుతున్నారు కదా?" అని ముందే అడగండి.

క్యాన్సర్ గురించి. మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా కింది చిగురు, చెంప కలిసే లోయలో వస్తుంది. కారణం వెతకనక్కర్లేదు. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ అన్నీ గంటలకొద్దీ నానేది అక్కడే. ఉత్తరాంధ్రలో చుట్ట కాలే కొస నోట్లో పెట్టి తాగే అడ్డపొగ అలవాటుంది, వాళ్లకు అంగిలి మీద వస్తుంది. వేడి ఎక్కడ తగిలితే అక్కడ. "నేను పొగాకు ముట్టను, వక్కే" అనేవాళ్లు కూడా వినండి: 2004లో ప్రచురించిన నివేదికలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు లేని వక్కను కూడా క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే పెట్టింది. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా? వక్క నమిలేవాళ్లు ఇంటికెళ్లి చూసుకోండి. రెండే పడుతుంటే లోపలి పొర బిగుసుకుపోతోందని అర్థం. ఏ అలవాటూ లేనివాళ్లకూ అరుదుగా ఈ జబ్బు వస్తుంది, కాబట్టి "నాకు అలవాట్లు లేవు" అన్నది కూడా ఆగడానికి కారణం కాదు.

అది మొదట్లో ఎలా ఉంటుంది? కాలీఫ్లవర్ పువ్వులా గరుకు కండ కావచ్చు, అంచులు గట్టిపడిన పుండు కావచ్చు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ కావచ్చు. వేలితో నొక్కితే కింద అట్టముక్క ఉన్నట్టు గట్టిగా తగులుతుంది. చుట్టుపక్కల గార లేదు, దెబ్బ లేదు, అయినా ఒక్క పన్ను కదులుతుంది. కింది పెదవి ఒక పక్క మొద్దుబారుతుంది. మెడలో గట్టి గడ్డ, నొక్కినా నొప్పి ఉండదు, కదలదు. చీము వల్ల వచ్చే మెడ గడ్డ నొక్కితే నొప్పి పుడుతుంది, వేలి కింద జారుతుంది. ఆ తేడా వేలికి తెలుస్తుంది.

దీన్లో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. కదిలే పన్ను కదా అని ఎక్స్‌రే లేకుండా పీకేస్తారు. గుంట రెండు మూడు వారాలైనా పూడదు, అందులోంచి కండ పైకి లేస్తుంది. పన్ను పీకించుకున్న చోట మూడు వారాల తర్వాత కండ గానీ పచ్చి పుండు గానీ ఉంటే, పీకిన డాక్టరు దగ్గరికే అయినా సరే, వెనక్కి వెళ్లండి.

కాబట్టి గడువు రెండు వారాలు. చిగురు మీద ఏది వచ్చినా, నొప్పి ఉన్నా లేకపోయినా, రెండు వారాలు దాటి ఉంటే చూపించుకోవాలి. ఈలోపు ఫోన్ టార్చ్ వేసి ఫొటో తీసుకోండి, పక్కన అగ్గిపుల్ల పెడితే సైజు తెలుస్తుంది. నాలుగు రోజులకోసారి తీస్తే పెరుగుతోందా లేదా అన్నది మీ అనుమానంతో పని లేకుండా తేలిపోతుంది. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించి ఉమ్మండి. బ్రష్ ఆపొద్దు, రక్తం వస్తుందని వదిలేస్తే గార పెరిగి ఇంకా వస్తుంది. సూదితో పొడవొద్దు. లవంగనూనె, ఆస్పిరిన్ బిళ్ల చిగురు మీద పెడితే చర్మం తెల్లగా కాలిపోతుంది, అప్పుడు అసలు జబ్బేదో మాకు కూడా కనబడదు.

రెండు వారాలు ఆగకూడనివి: వాపు కంటి దాకానో, దవడ కిందికి మెడలోకో దిగడం, 100.4 దాటిన జ్వరం, నోరు తెరుచుకోకపోవడం. నాలుక కింద ఉండే నోటి అడుగు భాగం వాచి పైకి లేచి ఉమ్మి మింగలేకపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ఊపిరి ఆడకపోతుంటే పళ్ల క్లినిక్ తెరిచేదాకా కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే. ఆ చీము గంటల్లో ఊపిరి దారి మూసేస్తుంది.

మన ఊళ్లో ఎక్కడికంటే, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఎక్స్‌రే, ముక్క పరీక్ష అక్కడే అవుతాయి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, కార్డు వెంట ఉంచుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

*మేడం, మా అత్తమ్మకు బీపీ గోలీ నడుస్తోంది. చిగుళ్లు మొత్తం ఉబ్బినయ్. గడ్డలు గడ్డలుగా ఉన్నయ్.*

ఇందాక తర్వాత చెప్తానన్న రెండింట్లో ఇదొకటమ్మా. గోలీ పేరేంటి, ఆమ్లోడిపిన్‌యేనా? ఆ రకం బీపీ మందులు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్, ఈ మూడూ చిగుళ్లను పెంచుతాయి. ఫెనిటాయిన్ వాడేవాళ్లలో దాదాపు సగం మందికి ఎంతో కొంత కనబడుతుంది, ఆమ్లోడిపిన్‌తో చాలా తక్కువ. పళ్ల సందుల్లో మొదలై రెండు వైపులా పెరుగుతుంది. గోలీ మాత్రం ఆపొద్దు, బీపీ పెరిగితే అది చిగురు కన్నా పెద్ద సమస్య. బీపీ డాక్టరుకు చిగుళ్లు చూపించండి, వేరే రకానికి మారుస్తారు. మారిస్తే, గార కూడా తీయిస్తే కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది. రెండోది, మందులేవీ లేకుండా చిగుళ్లన్నీ కొద్ది వారాల్లోనే ఉబ్బి, ఊరికే రక్తం కారుతూ, మనిషి పాలిపోయి, జ్వరం, ఒంటి మీద నీలం మచ్చలు ఉంటే, ఆ రోజే సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష చేయించాలి. రక్తక్యాన్సర్ ఒక్కోసారి చిగుళ్లలోనే ముందు కనబడుతుంది.

*మా మనవరాలికి నెలన్నర. చిగురు మీద బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. ఉప్పుతో రుద్దమంటున్నారు.*

రుద్దొద్దు, గిల్లొద్దు. అవి చర్మపు పొర చిక్కుకున్న చిన్న తిత్తులు, మూడు నెలల్లోపు వాటంతటవే రాలిపోతాయి. పన్ను వచ్చే వయసులో చిగురు మీద నీలంగా నీటిబుడగలా లేచినా అంతే, పన్ను చీల్చుకొస్తే పోతుంది.

*నాకు గుండెలో స్టెంట్ వేశారు. రక్తం పల్చబడే మందు ఉంది. ముక్క తీయించుకోవాలంటే మందు ఆపాలా?*

మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి సార్. చిగురులో చిన్న ముక్కకు సాధారణంగా ఆపే పనే ఉండదు, దూది ఒత్తి, కుట్టు వేసి రక్తం ఆపగలం. మందుల చీటీ తెచ్చి చూపించండి, అవసరమైతే మేమే మీ గుండె డాక్టరుతో మాట్లాడతాం.

*మా నాన్నకు కట్టుడు పళ్లు. పన్నెండేళ్లయింది. కింద చిగురు బయటి వైపు మడతలు మడతలుగా కండ పెరిగింది, నొప్పి లేదంటాడు.*

చూశారా, మళ్లీ నొప్పి లేదు. దవడ ఎముక ఏటా కొంచెం కొంచెం అరుగుతుంది, సెట్టు అలాగే ఉంటుంది. వదులై, దాని అంచు చిగురును రోజూ ఒరుసుకుంటుంటే కండ మడతలు కడుతుంది. రెండు మూడు వారాలు సెట్టు తీసి పెట్టమనండి, జావ, మెత్తటి అన్నంతో గడిపించండి. కాస్త తగ్గుతుంది. మిగిలిన కండను తీసి పరీక్షకు పంపుతారు, తర్వాతే కొత్త సెట్టు కొలత. పాతదాన్ని అలాగే పెట్టుకుంటే మళ్లీ వస్తుంది. వచ్చేటప్పుడు ఆయన్నొక్కణ్నే తీసుకురాకండి బాబూ, ఆ సెట్టు కూడా తెండి. చాలామంది డబ్బాలో నీళ్లు పోసి ఇంట్లో పెట్టి వస్తారు. ఏ అంచు ఒరుసుకుంటోందో చూడాలంటే మాకు అది కావాలి.